ఎలుగుబంటి కొడుకు, మా అద్దె హాలు

ఆ శనివారం మధ్యాహ్నం హాల్లో ఉన్నవాళ్ళు: మా తెలుగు సంఘం వాళ్ళు పిల్లలతో కలిపి యాభై నలుగురు, కొరియన్ సంఘం వాళ్ళు పంతొమ్మిది మంది, వాళ్ళలో సంఘపెద్దలు ఏడుగురు. ఉన్నవి: పొడవాటి మడత బల్లలు పన్నెండు, వాటి మీద తెల్లటి ప్లాస్టిక్ గుడ్డలు, మా కోడి పలావు రెండు పెద్ద ట్రేలు, గుత్తి వంకాయ, పెరుగు చట్నీ, వాళ్ళ కిమ్చీ పచ్చడి మూడు రకాలు, సన్నగా కోసి వేయించిన మాంసం, ఆకుపచ్చ రంగు బియ్యప్పిండి బిళ్ళలు ఒక పళ్ళెం నిండా, ఒక ప్రొజెక్టర్, నా లాప్‌టాప్, అందులో పద్నాలుగు స్లైడ్లు. స్టేజి వెనక గోడకి నిలువెత్తు చెక్క సిలువ. బటన్ నొక్కితే పైకప్పు నుంచి కిందికి దిగే తెర.

చివరి రెండూ నా దృష్టిలో రెండు వేరు వేరు వస్తువులు. తెర దిగితే సిలువ కనపడదన్న సంగతి ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నా, దానికొక అర్థం ఉండొచ్చని నాకెప్పుడూ తోచలేదు. పాటల సాహిత్యం వేయడానికి ఆ తెర దింపేవాణ్ణి, ఆరాధన అయ్యాక ఎత్తేవాణ్ణి. మా సంఘంలో నా పని అది.

ఆ హాలు మాది కాదు. అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊరి చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే తెలుగు క్రైస్తవులం మేము. ఎక్కువమంది గుంటూరు, బాపట్ల, నరసాపురం వైపు వాళ్ళు. మొదట ఒక హోటల్ మీటింగ్ రూములో కూడుకున్నాం. తర్వాత ఒక స్కూలు కెఫెటేరియాలో. మూడో చోటు ఇది, కొరియన్ చర్చి వెనక వైపున్న హాలు. వాళ్ళ ఆరాధన పొద్దున ముందు వైపు పెద్ద గుడిలో జరుగుతుంది, మాది మధ్యాహ్నం రెండింటికి వెనక. వంటగది ఇద్దరికీ ఒకటే.

అక్టోబరు చివరికి మా ఒప్పందం ముగుస్తుంది. దాన్ని పొడిగించాలా వద్దా అని వాళ్ళ సంఘపెద్దలు ఏడుగురూ కూర్చుని తేల్చాలి. మా మీద మూడు ఫిర్యాదులున్నాయి. ఒకటి, ఆరాధన నాలుగింటికి ముగించాల్సింది అయిదుకి ముగిస్తున్నామని, దాంతో వాళ్ళ పాటల బృందం బయట కార్లలో కూర్చోవాల్సి వస్తోందని. రెండు, కుర్చీలు మడిచి గోడకి పేర్చకుండా వెళ్ళిపోతున్నామని. మూడోది పెద్దది. ఆగస్టులో మా ఆంటీ ఒకావిడ పప్పుచారుకి తిరగమోత పెడితే, ఎండుమిరపకాయల పొగకి స్మోక్ అలారమ్ మోగి, ఫైర్ ఇంజన్ వచ్చింది. పెళ్ళి రిహార్సల్‌కి వచ్చిన కొరియన్ పెళ్ళికూతురితో సహా అందరూ దగ్గుతూ పార్కింగ్ లాట్‌లో నిలబడ్డారు.

ఈ హాలు పోతే నాలుగో చోటు వెతకాలి. మా పాస్టర్ గారు వారంలో అయిదు రోజులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మిగతా సమయంలో సంఘాన్ని నడుపుతారు. మేమంతా అయ్యగారూ అని పిలుస్తాం. సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేశారు.

"తమ్ముడూ, మనం అద్దె కట్టేవాళ్ళమే కాదు, మనుషులం కూడా అని వాళ్ళకి తెలియాలి గదా. అందుకని ప్రేమ విందు పెడదాం అనుకుంటన్నా. నువ్వొక పదిహేను నిమిషాలు వాళ్ళ దేశం గురించి నాలుగు మంచి మాటలు చెప్పాల. స్లైడ్స్ చెయ్. ఇంగ్లిష్‌లో చెప్పు, వాళ్ళ పెద్దాయన కూతురు కొరియన్‌లోకి ట్రాన్స్‌లేట్ చేస్తానంది."

"టాపిక్ ఏంటి అయ్యగారూ?"

"నీ ఇష్టం. వాళ్ళు గర్వపడేది ఏదైనా."

నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్ట్ ఇంజనీరుని. ఒక పని ఇస్తే ముందు దాన్ని ఒక వాక్యంలో రాసుకుంటాను. 'వాళ్ళు గర్వపడేది' అని రాసుకున్నాను. అక్టోబరు మూడు కొరియాలో సెలవని మా ఆఫీసులో ఎవరో అనగా విన్నాను. ఆకాశం తెరుచుకున్న రోజు, వాళ్ళ మొదటి రాజ్యం పుట్టిన రోజు. మా విందు ఆ వారంలోనే పడింది. అంతకంటే అతికినట్టు సరిపోయే విషయం ఇంకేముంటుంది? రెండు వారాలు చదివాను. ప్రతి సంగతినీ మూడు చోట్ల సరిచూశాను. ఒక్క కొరియన్‌ని మాత్రం అడగలేదు. ఆఫీసులో అయితే కస్టమర్‌తో మాట్లాడకుండా ఒక్క టెస్ట్ కేసు కూడా రాయను.

కథ నాకు నిజంగా నచ్చింది. పరలోకాన్ని ఏలే దేవుడి కొడుక్కి కింద మనుషుల లోకం మీద మనసు పడింది. తండ్రి సరే అన్నాడు. కొడుకు మూడు వేల మంది పరివారంతో, గాలికీ వానకీ మబ్బుకీ ఒక్కో అధికారిని వెంటబెట్టుకుని, ఒక కొండ మీద చెట్టు కింద దిగాడు. ఆ కొండలో ఒక గుహలో ఒక ఎలుగుబంటి, ఒక పులి కలిసి ఉంటున్నాయి. మమ్మల్ని మనుషుల్ని చెయ్యమని రెండూ ఆయన్ని వేడుకున్నాయి. ఆయన వాటికి ఒక చేదాకు కట్ట, ఇరవై వెల్లుల్లి రెబ్బలు ఇచ్చాడు. ఇవే తింటూ వంద రోజులు ఎండ మొహం చూడకుండా గుహలో ఉండండి అన్నాడు. పులి ఓర్చుకోలేక బయటికి పారిపోయింది. ఎలుగుబంటి ఉండిపోయి ఆడమనిషి అయింది. పెళ్ళాడేవాళ్ళు లేక, చెట్టు కింద కూర్చుని బిడ్డ కావాలని మొక్కింది. దేవుడి కొడుకే మనిషి రూపం ఎత్తి ఆమెను పెళ్ళాడాడు. వాళ్ళకి పుట్టినవాడు దాన్‌గున్, కొరియన్ల మొదటి రాజ్యమైన పాత జోసాన్‌ని నిలబెట్టినవాడు.

ఆ చేదాకు ఏమిటా అని చూస్తే మన మాచిపత్రి జాతి మొక్క. చిన్నప్పుడు వినాయక చవితికి పక్కింటి పిల్లలతో కలిసి పత్రి కోసుకొచ్చేవాణ్ణి కాబట్టి నాకా వాసన తెలుసు. మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. పత్రి కోయడం వరకూ వెళ్ళేవాణ్ణి, పూజ దగ్గర కూర్చునేవాణ్ణి కాదు. ఆ తేడా ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఒంటికి తెలుసు.

శనివారం పొద్దున వంటగదిలో, తిరగమోత ఆంటీ వెల్లుల్లి ఒలుస్తుంటే ఈ కథ చెప్పాను. ఆవిడ బాపట్ల మనిషి.

"ఇరవై రెబ్బలు తిని మనిషయిందంటనా?"

"అవునాంటీ. ఇంకా చేదాకు కూడా."

"ఇరవయ్యేగా? మా ఆయన ఒక్క ఆవకాయ జాడీలో అంతకి నాలుగింతలు తింటాడు. ఇంకా మనిషవలా."

నవ్వాను. ఆంటీ పొయ్యి వైపు చూసి, "ఇయ్యాళ తిరగమోత ఇంటికాడే పెట్టుకొచ్చాను నాన్నా. అలారమ్ మోగితే అయ్యగారు నన్ను గుహలో పెడతారు," అంది.

విందుకి ముందే స్లైడ్లు చూపించాలని అయ్యగారు అన్నారు, తిన్నాక అందరికీ నిద్రొస్తుందని. నేను తెర దింపాను. వాళ్ళ సంఘపెద్దల్లో అందరికంటే పెద్దాయన మొదటి వరసలో, నడి మధ్యలో కూర్చున్నారు. ఎనభైకి దగ్గరగా ఉంటారు. సన్నటి మనిషి, బూడిద రంగు కోటు, మెడ దాకా పెట్టిన బొత్తాలు. మాకు హాలు ఇవ్వాలని రెండేళ్ళ కింద మిగతావాళ్ళని ఒప్పించింది ఆయనే అని అయ్యగారు చెప్పేవారు. ఆయన కూతురు, ఫార్మసీలో పనిచేసే నలభై ఏళ్ళ మనిషి, మైకు పట్టుకుని నా పక్కన నిలబడ్డారు.

మొదటి ఆరు స్లైడ్లూ బాగా నడిచాయి. కొండ, మూడు వేల మంది పరివారం, గాలి, వాన, మబ్బు. నేనొక వాక్యం చెబితే ఆవిడ ఒక వాక్యం చెప్పేవారు. ఎలుగుబంటి, పులి బొమ్మలు రాగానే కొరియన్ పిల్లలు ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒక ముసలావిడ తల ఊపింది. ఆరో స్లైడులో చిన్న పట్టిక పెట్టాను: ఎవరు, ఏం తిన్నారు, గుహలో ఎన్ని రోజులు, ఫలితం. పులి: విఫలం. ఎలుగుబంటి: సఫలం. పట్టిక చూసి మా ఐటీ వాళ్ళు గట్టిగా నవ్వారు.

ఏడో స్లైడు నేను ఎక్కువ సమయం పెట్టింది. అక్షరాలేమీ లేవు. తెర నాలుగు అంచుల దాకా ఒకటే బొమ్మ: దాన్‌గున్ విగ్రహం. పొడుగు గడ్డం, భుజాల మీద ఆకుల కప్పు, బంగారు రంగు మొహం, మోకాళ్ళ మీద చేతులు. వెలుతురు సరిగ్గా మొహం మీద పడిన ఫోటో దొరికేదాకా వెతికి పెట్టాను. ఆ బొమ్మ రాగానే చెప్పడానికి వాక్యం ఒకటి సిద్ధం చేసుకున్నాను.

"మీ అందరి తండ్రి," అన్నాను ఇంగ్లిష్‌లో. "మేమూ ఆయనకి గౌరవంగా నమస్కరిస్తున్నాం." రెండు చేతులూ జోడించి, తెర వైపు తిరిగి, తల వంచాను.

వెనక మైకులో అనువాదం రాలేదు. ఆవిడ మర్చిపోయారేమో అని తిరిగి చూశాను. మైకు కిందికి దించి, నేల వైపు చూస్తున్నారు. కొరియన్ల వైపు ఎవరూ కదలడం లేదు. నవ్విన పిల్లల్ని పక్కనున్న తల్లి భుజం మీద చెయ్యేసి దగ్గరికి తీసుకుంది. మొదటి వరసలో పెద్దాయన మాత్రం నవ్వుతున్నారు.

ఆ నవ్వు నాకు తెలుసు. పెదాలు రెండు పక్కలా సాగుతాయి, కళ్ళు బల్ల మీదికి దిగుతాయి, తల రెండుసార్లు ఊగుతుంది. అది నా నవ్వు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా మేనేజర్ టీమ్ మొత్తానికి నన్ను పరిచయం చేస్తూ ఒక స్లైడు వేశాడు. నా ఫోటో పక్కన బంతిపూల దండల మధ్య పెద్ద వినాయకుడు. 'మీ దేవుడి దీవెనలతో మా టీమ్‌లోకి స్వాగతం' అని కింద రాశాడు. చాలా మంచి మనిషి, ఎంతో ఇష్టంగా చేశాడు. నేను సరిగ్గా అలాగే నవ్వాను, థాంక్యూ అన్నాను. ఆ సాయంత్రం రూమ్మేట్ల దగ్గర మాత్రం అరిచాను. నా పేరు బైబిల్లో పేరు, ఒక్క ముక్క అడిగితే చెప్పేవాణ్ణి కదా, దేశం చూసి దేవుణ్ణి అంటగట్టడమేంటి అని. అప్పటినుంచి అవకాశం దొరికినప్పుడల్లా ఆ సంగతి చెప్పి నవ్విస్తూనే ఉన్నాను. మా మేనేజర్‌ని అనుకరించడం నాకు బాగా వచ్చని పేరు కూడా ఉంది.

కొరియన్ సంఘాన్ని నేను ప్రతి ఆదివారం చూస్తున్నాను. వాళ్ళు తెల్లవారుజామున చేసే ప్రార్థనల గురించి విన్నాను. వాళ్ళు క్రైస్తవులని నాకు తెలుసు. అయినా వాళ్ళ సిలువ ముందుకి తెర దించి, దాని మీద ఒక విగ్రహాన్ని నిలబెట్టి, వాళ్ళ తరఫున మొక్కాను.

అక్కడ ఆపేసి ఉండాల్సింది. కానీ ఇంకా ఏడు స్లైడ్లున్నాయి. మొదలుపెట్టిన డెమోని మధ్యలో ఆపకూడదని మాకు నేర్పుతారు. తప్పొస్తే తర్వాతి స్లైడుకి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోయాను. కొరియాలో తర్వాత పుట్టిన మూడు రాజ్యాల కథలవి: కొగుర్యో రాజ్యాన్ని స్థాపించినవాడు గుడ్డులోంచి పుట్టి విలుకాడయ్యాడని చెప్పాను. శిల్లా మొదటి రాజు బావి పక్కన తెల్ల గుర్రం మోకరిల్లిన చోట దొరికిన గుడ్డులోంచి వచ్చాడని చెప్పాను. గాయా రాజుల గుడ్లు ఆరు బంగారు పెట్టెలో ఆకాశం నుంచి దిగాయన్నాను. ఆవిడ మళ్ళీ మైకు ఎత్తి అనువాదం చేస్తున్నారు, కానీ నా మూడు వాక్యాలకి ఆవిడది ఒకటి. నా గొంతు నాకే స్పీకర్‌లోంచి వేరే ఎవరిదో లాగా వినిపిస్తోంది.

ఆఖరి స్లైడు గాయా రాణిది. ఆ గుడ్లలోంచి వచ్చిన తొలి రాజుని పెళ్ళాడడానికి అయూత అనే దూరదేశం నుంచి ఓడలో వచ్చిందంటారు. ఆ అయూత మన దేశంలోదే అని కొందరి నమ్మకం. పై అంచున పెద్ద అక్షరాలతో 'ఇండియా కనెక్షన్' అని పెట్టాను.

మా వాళ్ళు యాభై నలుగురూ చప్పట్లు కొట్టారు.

"అంటే మన పిల్లే! మనం వీళ్ళకి వియ్యాలవారం!" అని వెనక నుంచి ఒక అంకుల్ అరిచాడు.

"పిల్లనిచ్చినోళ్ళం, హాలడగటానికి ఇంత మొహమాటమెందుకండీ!" అంది తిరగమోత ఆంటీ. అందరూ పగలబడి నవ్వారు. తెలుగులో అన్నారు కాబట్టి పెద్దాయన కూతురికి అర్థం కాలేదు. ఏమన్నారు అన్నట్టు నా వైపు చూశారు. "వాళ్ళకి నచ్చిందట," అన్నాను. వాళ్ళ కథలు చెప్పి వాళ్ళని గౌరవిద్దామని మొదలుపెట్టి, చివరికి మాకు మేమే చప్పట్లు కొట్టుకున్నాం.

పెద్దాయన లేచారు. స్టేజి పక్కకి నడిచి, గోడకున్న బటన్ ఆయనే నొక్కారు. తెర మెల్లగా పైకి వెళ్ళింది. పూర్తిగా వెళ్ళేదాకా ఆగి, అప్పుడు మా వైపు తిరిగారు. "చాలా కష్టపడ్డారు. థాంక్యూ," అని ఇంగ్లిష్‌లో అన్నారు. తర్వాత కళ్ళు మూసుకుని కొరియన్‌లో భోజనానికి ప్రార్థన చేశారు. ఆమేన్ ఒక్కటే నాకు అర్థమైంది.

అందరూ తిన్నారు. పలావు బాగుందన్నారు. ఆకుపచ్చ బిళ్ళల్లో వేసింది కథలోని ఆ చేదాకేనట. "మాచిపత్రి వాసనొస్తంది, కానీ బాగానే ఉందే," అని ఆంటీ రెండోది తీసుకుంది. నేను పళ్ళెం బల్ల మీద పెట్టేశాను. మంచినీళ్ళ కోసం అన్నట్టు వంటగదిలోకి వెళ్ళాను. పెద్దాయన కూతురు అక్కడ గిన్నెలు కడుగుతున్నారు.

"నేనేదో తప్పు చేశాను కదా," అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకున్నారు. "కథ తప్పు కాదు. ఆ కథ మాలో తెలియనివాళ్ళు లేరు. నాకు నాన్నే చెప్పారు."

"విగ్రహమా?"

"నాన్న కొరియాలో చిన్న పిల్లలకి టీచర్. బడి ముందు అలాంటి విగ్రహం పెట్టారు. పిల్లల్ని దాని ముందు తల వంచి నిలబడమన్నారు. నాన్న వద్దన్నారు, తను నిలబడలేదు. ఊళ్ళో పెద్ద గొడవైంది." కుళాయి సరిగ్గా మూసుకుందో లేదో మరోసారి చూశారు. "ఆ విగ్రహం కోసం ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసింది మా పెదనాన్న. నాన్నకి ఒక్కడే అన్న. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. పెదనాన్న పోయినప్పుడు కూడా వేరే వాళ్ళు చెబితేనే మాకు తెలిసింది."

"నేను వెళ్ళి ఆయనతో..."

"ఈ రోజు వద్దు," అన్నారు. కోపంగా కాదు. "ఈ రోజు ఆయన మీకు ఆతిథ్యం ఇస్తున్నారు. పూర్తి చెయ్యనివ్వండి."

అందరూ వెళ్ళాక, పార్కింగ్ లాట్‌లో అయ్యగారికి మొత్తం చెప్పాను. ఆయన కారు డిక్కీలో ఖాళీ ట్రేలు సర్దుతున్నారు. చెప్పడం అయ్యాక కూడా ఒక ట్రేని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు.

"నేను చూస్తానే ఉన్నా తమ్ముడూ. సిలువ ముందర ఆ బొమ్మ నిలబడితే నాకూ తట్టలా. పాస్టర్‌ని నేను. బాగుందే ఫోటో అనుకున్నా."

తిట్టి ఉంటే బాగుండేది.

"రేపు వెళ్ళి క్షమాపణ అడుగుతాను అయ్యగారూ."

"వద్దు. మంగళవారం వాళ్ళ మీటింగ్. ఇప్పుడెళ్ళి సారీ చెప్తే, హాలు కోసం వచ్చాడనుకుంటారు. అనుకోకపోయినా, మనకి అనిపిస్తది గదా. వాళ్ళు ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. తేలినాక వెళ్ళు."

ఆయన చెప్పింది న్యాయమే. అందుకే ఆ మూడు రోజులూ గడవడం కష్టమైంది. తప్పు నాది, దాని ఫలం యాభై నలుగురిది, క్షమించమని అడిగే వీలు కూడా లేదు. ఆదివారం ఆరాధనలో పాటల కోసం తెర దింపాల్సి వచ్చింది. బటన్ మీద వేలు పెట్టి నొక్కలేకపోయాను. ఆ వారం పాటలు అందరూ ఫోన్లలో చూసి పాడారు. ప్రొజెక్టర్ పాడైందని చెప్పాను. అది కూడా అబద్ధమే. నాలుగింటికల్లా ముగించాం. కుర్చీలన్నీ మడిచాం, ఎప్పుడూ మడవని అంకుల్స్‌తో సహా. ఏం జరిగిందో వాళ్ళెవరికీ తెలియదు. స్లైడ్లు అదిరాయని నా భుజం తట్టారు. ఒకాయన ఆ రాణి స్లైడుని వాట్సాప్‌లో పెట్టమన్నాడు, వైజాగ్‌లో తమ్ముడికి పంపుతాడట. పంపాను. కాదనడానికి కారణం చెప్పాల్సి వస్తుందని పంపాను.

మంగళవారం రాత్రి భోజనాల వేళకి అయ్యగారి ఫోన్ వచ్చింది. "దేవునికి స్తోత్రం తమ్ముడూ. ఇంకో ఏడాది ఇచ్చారు." వెనక పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. "ఇద్దరు పెద్దలు నీ స్లైడు సంగతి ఎత్తారంట. వీళ్ళసలు క్రైస్తవులేనా అన్నారంట. ట్రాన్స్‌లేట్ చేసిన ఆ సిస్టరే చెప్పింది. అప్పుడు వాళ్ళ నాన్నగారు లేచి చెప్పారంట, ఆ అబ్బాయి మనల్ని సంతోషపెడదామని చేశాడు, మన గురించి చదివాడు, మనం వాళ్ళ గురించి ఒక్క పేజీ అయినా చదివామా అని. దాంతో అందరూ ఒప్పుకున్నారంట."

హాలు పోయి ఉంటే, తప్పుకి తగిన శాస్తి జరిగిందనుకునేవాణ్ణి. ఎవరి మనసు ఎక్కువ నొచ్చిందో ఆయనే నా తరఫున మాట్లాడారు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక కుర్చీలు పేరుస్తుంటే పెద్దాయన వచ్చారు. అదే బూడిద రంగు కోటు. కూతురు రాలేదు. ఆయనకి ఇంగ్లిష్ నెమ్మదిగా వస్తుంది, ఒక్కో మాటనీ పట్టుకుని ముందు పెడుతున్నట్టు మాట్లాడతారు. నేను చెప్పాల్సింది మూడు భాగాలుగా సిద్ధం చేసుకున్నాను. ఏం చేశాను, ఎందుకది తప్పు, ఇకముందు ఏం చెయ్యను.

"సర్, నేను మీ సిలువ ముందు..." అని మొదలుపెట్టాను.

"యంగ్ మాన్," అన్నారు. చెయ్యెత్తి ఆపారు. "మీ పట్టిక. నంబర్ తప్పు."

అర్థం కాలేదు.

"ఎలుగుబంటి. మీరు వంద రోజులు అని రాశారు. వంద అని దేవుడి కొడుకు చెప్పాడు. ఎలుగుబంటి వంద రోజులు ఉండలేదు. ఇరవై ఒకటో రోజుకే మనిషి అయింది." వేళ్ళతో రెండు, ఒకటి చూపించారు. "నేను టీచర్ని. చాలా ఏళ్ళు చెప్పాను ఈ కథ. పిల్లలు అందరూ ఇదే తప్పు చేస్తారు."

నియమం వంద, జరిగింది ఇరవై ఒకటి. ఉండాల్సిన విలువని వచ్చిన ఫలితం గడిలో రాశాను. నా ఉద్యోగమంతా ఆ రెండు గడుల మధ్య తేడా చూడడమే. మూడు చోట్ల సరిచూశానని అయ్యగారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"సారీ సర్," అన్నాను. సిద్ధం చేసుకున్న మూడు భాగాల్లో అంతకంటే ఏమీ మిగల్లేదు.

"కథ చెప్పడం వేరు. మొక్కడం వేరు," అన్నారు. ఆయన మొహంలో ఆ శనివారం నవ్వు లేదు. నవ్వడానికి ప్రయత్నించలేదు కూడా. నాకదే కాస్త నయమనిపించింది. "కథ చెప్పండి. బాగుంటుంది. నాకంటే మా అన్న బాగా చెప్పేవాడు. చిన్నప్పుడు అన్నది ఎలుగుబంటి వైపు, నాది పులి వైపు. పులి ఎందుకు వెళ్ళిపోయింది అని నేను ఏడ్చేవాణ్ణి. రేపు మళ్ళీ వస్తుందిలే అనేవాడు."

సిలువ వైపు ఒకసారి చూశారు. తర్వాత ఒక కుర్చీ తీసుకుని మడవబోయారు. నేను అందుకోబోయాను, వదల్లేదు. ఇద్దరం కలిసి మిగతా కుర్చీలు గోడకి పేర్చాం. వెళ్ళేటప్పుడు వంటగది లైటు తీసేశానా అని అడిగారు. తీశానన్నాను.

ఇంటికి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. ఏడో స్లైడు తీసేశాను. ఆఖరిది కూడా. ఆ ఫైలు ఇక ఎవరికీ చూపించను, అయినా ఆరో స్లైడులో పట్టిక తెరిచి, ఎలుగుబంటి వరసలో మూడో గడి దిద్దాను.

గుహలో గడిపిన రోజులు: 21.